పరుగు పాఠం – నేను ఎందుకు పడిపోయాను?



ఈ నెల గోడ పత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చింది. సైన్సు టీచరు గారు "నీకు బాగా తెలిసిన సంగతి రాయి, పుస్తకం చూసి ఎక్కించకు" అన్నారు. నాకు బాగా తెలిసిన సంగతి ఏమిటా అని రెండు రోజులు ఆలోచించాను. నాకు తెలిసింది పరుగు. అందులోనూ పడిపోవడం. అందుకని దాని గురించే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఆ రోజు ఏమైంది?

2024 సెప్టెంబరులో నేను ఎనిమిదో తరగతి. మండల ఆటల పోటీలు జరిగాయి. 17 ఏళ్ళ లోపు బాలికలకు 1500 మీటర్ల పరుగు ఉంది. దానికి మన బడి నుంచి ఎవరూ పేరు ఇవ్వలేదు. నేను ఇచ్చాను. ఎందుకంటే అందరూ "కొండ పిల్లవి, నీకేంటే, లేడిలాగ పరిగెడతావు" అన్నారు. నేనూ నిజమే అనుకున్నాను. చిన్నప్పటి నుంచి గెడ్డలోకి దిగి బిందెతో నీళ్ళు మోశాను. మా అమ్మతో సంతకి 9 కిలోమీటర్లు నడిచాను. ఇంకేం కావాలి అనుకున్నాను. సాధన ఒక్క రోజు కూడా చెయ్యలేదు.

ఆ మైదానంలో సున్నంతో గీసిన ట్రాక్ 400 మీటర్లు. 1500 మీటర్లంటే మూడు రౌండ్లు, ఇంకా ముప్పావు రౌండు. విజిల్ ఊదగానే నేను అందరికంటే ముందు ఉరికాను. మొదటి రౌండు 1 నిమిషం 18 సెకండ్లలో అయిపోయింది. మన బడి పిల్లలు చప్పట్లు, ఈలలు. నాకు గర్వంగా ఉంది. రెండో రౌండులో ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. ఆ రౌండుకి 1 నిమిషం 52 సెకండ్లు పట్టింది. మూడో రౌండు మలుపు దగ్గర కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి. చెవుల్లో గుయ్‌మని చప్పుడు. తర్వాత ఏమైందో గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి సిల్వర్ ఓక్ చెట్టు కింద పడుకోబెట్టారు. ఎవరో ముఖం మీద నీళ్ళు చల్లుతున్నారు.

అక్కడ ఒక పెద్దాయన అన్న మాట మాత్రం బాగా గుర్తుంది. "ఆడపిల్లలకి ఇంత దూరం ఎందుకండీ? 100, 200 పెట్టి వదిలెయ్యండి" అన్నారు. మన బడికి వచ్చాక కూడా అదే మాట వచ్చింది. వచ్చే సంవత్సరం నుంచి 1500, 3000 పరుగులకి పిల్లల్ని పంపొద్దు, ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు అనుకున్నారు. ఇప్పుడు పదో తరగతి చదువుతున్న అక్క ఒకామె 3000 మీటర్లు పరిగెత్తాలని ఎంతో ఆశ పడింది. ఆమె నా దగ్గరకి వచ్చి "నువ్వు పడిపోయావు. నాకు పోయింది" అంది. తిట్టలేదు. అంతే అంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

1928లో కూడా ఇదే మాట అన్నారు

మరునాడు పీఈటీ మేడమ్ గారు నన్ను పిలిచారు. తిడతారేమో అనుకున్నాను. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్పారు. కథ కాదు, జరిగిన సంగతి.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒలింపిక్స్ జరిగాయి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టడం అదే మొదటిసారి. జర్మనీ దేశపు లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకండ్లలో గెలిచింది. అది అప్పటికి ప్రపంచ రికార్డు. కాని పత్రికలు రికార్డు గురించి రాయడం కంటే, పరుగు అయ్యాక ఆడవాళ్ళు అలసి కూలబడ్డారని గోరంతలు కొండంతలు చేసి రాశాయి. ఆడవాళ్ళ శరీరం దూరపు పరుగుకి పనికిరాదు అన్నారు. ఆ పోటీ తీసేశారు. మళ్ళీ 1960లో రోమ్ ఒలింపిక్స్‌లోనే పెట్టారు. అంటే 32 సంవత్సరాలు! తర్వాత 1972లో ఆడవాళ్ళకు 1500 మీటర్లు పెట్టారు. 1984లో లాస్ ఏంజెల్స్‌లో మారథాన్ పెట్టారు. మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అమెరికాకు చెందిన జోన్ బెనాయిట్ దాన్ని 2 గంటల 24 నిమిషాల 52 సెకండ్లలో పూర్తి చేసి గెలిచింది.

మేడమ్ గారు ఇంకొక మాట చెప్పారు. మగపిల్లలు కూడా పరుగు అయ్యాక కూలబడతారు. అప్పుడు "పాపం, బాగా కష్టపడ్డాడు" అంటారు. ఆడపిల్ల కూలబడితే "ఆడపిల్లలకి వద్దు" అంటారు. "పడిపోవడం తప్పు కాదే. ఎందుకు పడిపోయావో తెలుసుకోకపోవడం తప్పు. కారణాలు కనుక్కో. జనవరి నాటికి ఆగకుండా 30 నిమిషాలు పరిగెత్తి చూపించు. అప్పుడు హెచ్.ఎం. గారితో నేను మాట్లాడతాను" అన్నారు.

ఆ రోజు నుంచి అయిదుగురం కలిసి మొదలుపెట్టాం. ఒక నోటు పుస్తకం పెట్టుకుని రోజూ రాసుకున్నాం. కారణాలు మూడు దొరికాయి.

మొదటి కారణం: తొందర

మా అమ్మ సంతకి వెళ్తే ముందు ఉప్పు, నూనె, కిరాణా లెక్క చూసుకుని తర్వాతే గాజుల కొట్టు వైపు చూస్తుంది. నేను మొదటి కొట్టులోనే డబ్బంతా ఖర్చు పెట్టేసిన మనిషిలాగ పరిగెత్తాను. ఎలాగో చూడండి.

నేను ఆ రోజు జాగ్రత్తగా పరిగెడితే 1500 మీటర్లకి సుమారు 6 నిమిషాల 10 సెకండ్లు పట్టేది అని మేడమ్ గారు అంచనా కట్టారు. అనగా 370 సెకండ్లు. 370ని 3.75 రౌండ్లతో భాగించండి. రౌండుకి సుమారు 99 సెకండ్లు వస్తుంది. నేను మొదటి రౌండు 78 సెకండ్లలో పరిగెత్తాను. 21 సెకండ్లు ఎక్కువ ఖర్చు పెట్టేశాను. ఆ అప్పు ఎక్కడ తీరుస్తాను?

కెన్యా దేశపు ఫెయిత్ కిప్యేగాన్ 2025 జూలైలో 1500 మీటర్లను 3 నిమిషాల 48.68 సెకండ్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. లెక్క వేస్తే సగటున రౌండుకి 61 సెకండ్లు. గొప్పవాళ్ళు కూడా మొదట్లోనే అంతా ఊడ్చెయ్యరు. చివరి దాకా వచ్చేలాగ పంచుకుంటారు.

శరీరంలో ఏం జరుగుతుంది? కండరాలకు శక్తి గ్లూకోజు నుంచి వస్తుంది. ఆక్సిజన్ సరిపడా అందితే గ్లూకోజు పూర్తిగా విడిపోయి చాలా శక్తి ఇస్తుంది. మరీ జోరుగా పరిగెత్తితే ఆక్సిజన్ చాలదు. అప్పుడు గ్లూకోజు సగంలోనే ఆగి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. శక్తి కొంచెమే వస్తుంది. కండరంలో ఆమ్లగుణం పెరుగుతుంది. కాళ్ళు మండుతాయి, రాళ్ళు కట్టినట్టు బరువెక్కుతాయి.

ఇక్కడ ఒక తప్పు అభిప్రాయం ఉంది. మరునాడు వచ్చే ఒళ్ళు నొప్పులు కూడా ఈ ఆమ్లం వల్లే అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కాదు. ఆ ఆమ్లం పరుగు ఆపిన ఒకటి రెండు గంటల్లోనే పోతుంది. మరునాటి నొప్పి అలవాటు లేని పని వల్ల కండరపు పోగుల్లో వచ్చే చిన్న చిన్న చిరుగుల వల్ల. మూడు నాలుగు రోజుల్లో అవి వాటంతట అవే బాగవుతాయి, కండరం ముందుకంటే గట్టిపడుతుంది. కాబట్టి మొదటి వారం నొప్పులు చూసి భయపడి మానెయ్యకండి.

మరి మెల్లగా పరిగెడుతున్నామని ఎలా తెలుస్తుంది? మా దగ్గర గడియారం లేదు. మేము "ఎక్కం పరీక్ష" పెట్టుకున్నాం. పరిగెడుతూ పక్క అమ్మాయికి పదమూడో ఎక్కం చెప్పాలి. ఆయాసం లేకుండా చెప్పగలిగితే అది సరైన మెల్లని పరుగు. "పదమూడు అయిదుల" దగ్గర ఊపిరి తెగిపోతే జోరు ఎక్కువైనట్టు. దీనివల్ల రెండు లాభాలు. పరుగూ వచ్చింది, నాకు పదమూడో ఎక్కమూ వచ్చింది.

రెండో కారణం: రక్తం

ఇది చాలా ముఖ్యమైనది. అందరూ చదవండి.

నేను పడిపోయిన వారానికి ఏ.ఎన్.ఎం. సిస్టర్ గారు వచ్చి నా వేలు గుచ్చి రక్తం పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 8.4 ఉంది. మన వయసు ఆడపిల్లలకు 12కి తగ్గకూడదు. తగ్గితే రక్తహీనత అంటారు.

హిమోగ్లోబిన్ అంటే ఏమిటి? రక్తంలో ఎర్ర కణాలు ఉంటాయి కదా. వాటిలో ఉండే ఎర్రని పదార్థమే హిమోగ్లోబిన్. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎత్తుకుని కండరాల దగ్గర దింపుతుంది. బిందెలతో నీళ్ళు మోసినట్టే. 12 బిందెలు మొయ్యాల్సిన చోట నా దగ్గర 8 బిందెలే ఉన్నాయి. అందుకే గుండె ఇంకా ఎక్కువసార్లు కొట్టుకుని, ఎక్కువసార్లు తిరిగి, ఆ లోటు పూడ్చాలని చూసింది. కూర్చున్నప్పుడు సరిపోయింది. పరుగులో సరిపోలేదు.

హిమోగ్లోబిన్ తయారు కావడానికి ఇనుము కావాలి. మనకు ఇనుము ఎందుకు తక్కువ అవుతుంది? సిస్టర్ గారు మూడు సంగతులు చెప్పారు.

1. మనం ఎదుగుతున్న వయసులో ఉన్నాం. దానికి తోడు ప్రతి నెలా నెలసరిలో రక్తం పోతుంది.

2. చెప్పులు లేకుండా తిరిగితే, మురికి మట్టిలో ఉండే కొంకి పురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచి లోపలికి పోతాయి. పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర, అల్బెండజోల్, వాటికోసమే.

3. ఇనుము ఉన్న తిండి తక్కువ తింటున్నాం. తిన్న వెంటనే టీ తాగితే ఆ కొంచెం ఇనుము కూడా సరిగా ఒంటికి పట్టదు.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. వారం వారం మనకి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు కదా. నేను ఆరో తరగతి నుంచి ఒక్కటి కూడా మింగలేదు. నాలుక కింద పెట్టుకుని, మంచినీళ్ళు తాగినట్టు నటించి, తర్వాత కిటికీ వెనక కాలవలో పారేసేదాన్ని. వాంతి వస్తుందని ఒక అక్క చెప్పింది. విరోచనం నల్లగా వస్తుందని ఇంకొక అక్క భయపెట్టింది. సిస్టర్ గారిని అడిగాను. ఆవిడ నవ్వి, ఖాళీ కడుపుతో వేసుకుంటే కొందరికి తిప్పినట్టు ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకోండి, నల్లగా రావడం మామూలే, భయం లేదు అన్నారు. నిమ్మకాయ గాని, ఉసిరికాయ గాని, జామకాయ గాని తింటే ఇనుము ఇంకా బాగా పడుతుందట. జామచెట్టు మన బడి వెనకే ఉంది!

నాకు మూడు నెలలు రోజూ మాత్రలు ఇచ్చారు. మింగాను. సెప్టెంబరులో 8.4, నవంబరులో 10.1, జనవరిలో 11.6. చివరికి 12 దాటింది. డాక్టరు చెప్పకుండా ఎవరూ సొంతంగా ఎక్కువ మాత్రలు వేసుకోకూడదు. అలాగే మన ప్రాంతంలో కొందరికి సికిల్ సెల్ అనే జబ్బు ఉంటుంది. అందులో ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారతాయి. దానికి వేరే వైద్యం. ఆ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా గట్టి పరుగు పెట్టకూడదు. సికిల్ సెల్ పరీక్ష చేసినప్పుడు ఇచ్చిన కార్డు దాచుకోండి.

ఇంకొకటి. సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మని చూశాను. చోడి చేలో పని చేస్తూ మధ్యలో కూర్చుండిపోతుంది. "కళ్ళు తిరుగుతాయే, అదే పోద్ది" అంటుంది. ఎన్నేళ్ళుగానో అలాగే అంటోంది. మేము అలసట అనుకున్నాం. ఆమె కనురెప్ప కిందికి లాగి చూశాను. తెల్లగా ఉంది. ఆశా వదినతో చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అమ్మది 7.2 అన్నారు. ఇప్పుడు మందులు వాడుతోంది. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నేను నేర్చుకున్న పాఠం నా పరుగు కంటే ముందు మా అమ్మకి పనికొచ్చింది.

మూడో కారణం: సాధన లేకపోవడం

"కొండ పిల్లలకి పరుగు పుట్టుకతోనే వస్తుంది" అనే మాట వినడానికి బాగుంటుంది. ఆ మాట నమ్మే నేను సాధన చెయ్యలేదు. నీళ్ళు మోస్తే కాళ్ళు గట్టిపడతాయి, నిజమే. కాని ఆగకుండా పరిగెత్తడానికి గుండెకి, ఊపిరికి వేరే అలవాటు కావాలి. ఎత్తు ప్రదేశాల్లో ఉండేవారి రక్తంలో ఎర్ర కణాలు ఎక్కువ అంటారు. కెన్యాలో పరుగు వీరులు సాధన చేసే ఇటెన్ ఊరు సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. మన పాడేరు సుమారు 900 మీటర్లే. కాబట్టి మన కొండ మనకి ఊరికే ఏమీ ఇచ్చెయ్యదు.

కవితా రావుత్ గారి గురించి మేడమ్ గారు చెప్పారు. ఆమె మహారాష్ట్రలో నాసిక్ జిల్లా సావర్‌పాడ అనే ఆదివాసీ ఊరి అమ్మాయి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్ల పరుగులో కాంస్య పతకం తెచ్చింది. అదే సంవత్సరం గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజత పతకం తెచ్చింది. 10,000 మీటర్లంటే 25 రౌండ్లు. అది పుట్టుకతో రాదు. ఏళ్ళ తరబడి సాధన చేస్తేనే వస్తుంది.

మన మైదానం 400 మీటర్లు లేదు. 20 మీటర్ల తాడుతో కొలిచి, రాళ్ళు పెట్టి, 200 మీటర్ల రౌండు చేసుకున్నాం. 1500 మీటర్లంటే ఏడున్నర రౌండ్లు. తెల్లారి 5 గంటలకి లేచేవాళ్ళం. చలికాలం మంచులో ముందున్న అమ్మాయి కనబడేది కాదు, అడుగుల చప్పుడే వినబడేది. మా వారం ఇలా ఉండేది.

సోమవారం – మెల్లని పరుగు, 20 నిమిషాలు.
మంగళవారం – 200 మీటర్లు జోరుగా, తర్వాత ఒక రౌండు నడక. ఇలా 6 సార్లు.
బుధవారం – పరుగు లేదు. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు.
గురువారం – మెల్లని పరుగు, 25 నిమిషాలు.
శుక్రవారం – బడి వెనక గట్టు ఎక్కే పరుగు, 6 సార్లు. దిగేటప్పుడు నడక.
శనివారం – పొడవు పరుగు, చాలా మెల్లగా, 35 నిమిషాలు.
ఆదివారం – విశ్రాంతి. బట్టలు ఉతుక్కోవడం, తల స్నానం.

మొదటి రోజే ఇదంతా చెయ్యలేదు. మొదటి వారం 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, అలా 5 సార్లు. అంతే. వారం వారం కొంచెం కొంచెం పెంచాం. ఒకేసారి పెంచితే మోకాలి కింద ముందెముక నొప్పి పుడుతుంది.

నాడి కూడా చూసుకున్నాం. పొద్దున లేవగానే మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, భోజనశాల గడియారం చూస్తూ 15 సెకండ్లు లెక్కపెట్టి 4తో గుణించాలి. మొదట్లో నాది 92. ఏడు నెలల తర్వాత 70. రక్తం పెరిగింది, గుండె గట్టిపడింది. ఒక్కొక్క దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతోంది కనుక ఎక్కువసార్లు కొట్టుకోనక్కర లేదు.

జనవరి 27న మన మైదానంలో ఆగకుండా 30 నిమిషాలు పరిగెత్తాను. మేడమ్ గారు మాట నిలబెట్టుకున్నారు. హెచ్.ఎం. గారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. రక్త పరీక్ష చేయించుకున్నవాళ్ళనే పంపుతామన్నారు. అది మంచి షరతే.

వేసవి సెలవుల్లో మా ఊరి రోడ్డు మీద పరిగెడుతుంటే మా అయ్య చూసి "ఎవులూ తరమకుండా ఎందుకే పరిగెడతన్నావు?" అన్నాడు. ఊళ్ళో అందరూ నవ్వారు. నాలుగు రోజులు పోయాక, మలుపు దగ్గర చెంబుతో చోడి అంబలి పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ అనలేదు. తాగాక చెంబు తీసుకుని పోయాడు.

మా వాళ్ళు చెప్పిన అనుభవాలు

మా అయిదుగురిలో మిగిలిన నలుగురినీ అడిగి రాస్తున్నాను. వాళ్ళ మాటల్లోనే రాశాను.

పదో తరగతి అక్క: "నాకు ప్రతిసారీ డొక్కలో పోటు వచ్చేది. అన్నం తిన్న గంటకే పరిగెత్తడం వల్ల అని తెలిసింది. ఇప్పుడు భోజనానికీ పరుగుకీ మధ్య రెండు మూడు గంటలు వదులుతున్నాను. పోటు వస్తే మెల్లగా అయిపోయి, గట్టిగా ఊపిరి వదిలి, అక్కడ చేత్తో నొక్కుతాను. తగ్గిపోతుంది."

మా తరగతి అమ్మాయి, పొడుగు జడ ఆమె: "పోటీ రోజు నెలసరి వచ్చింది. ఎవరితో చెప్పాలో తెలియక ఏడ్చాను. మేడమ్‌తో చెప్తే, నొప్పి ఎక్కువ లేకపోతే పరిగెత్తొచ్చు, తప్పేమీ లేదు, నీ ఇష్టం అన్నారు. పరిగెత్తాను. ఏమీ కాలేదు. అయిదో స్థానం వచ్చింది."

ఇంకొక మా తరగతి అమ్మాయి: "మా ఇద్దరికీ ఒకటే జత కేన్వాసు బూట్లు. అవి ఆమెకి సరిపోతాయి, నాకు పెద్దవి. ముందు గుడ్డ పేలికలు కుక్కుకున్నాను. 200 మీటర్లు వెళ్ళేసరికి ఒక బూటు ఎగిరి ప్రేక్షకుల్లో పడింది. ఒంటి బూటుతో పరిగెత్తాను. వదులు బూటు కంటే వట్టికాళ్ళే నయం. కాని శుభ్రమైన మైదానంలోనే. మరుగుదొడ్డికి మాత్రం చెప్పులు తప్పనిసరి, కొంకి పురుగు సంగతి గుర్తుంచుకోండి."

ఏడో తరగతి చెల్లి: "నేను అందరికంటే వెనక ఉంటాను. మొదట్లో సిగ్గు పడ్డాను. అక్కలు ఒక రౌండు ఎక్కువ తిరిగి నన్ను కలుసుకుని నాతోపాటు పూర్తి చేసేవాళ్ళు. ఇప్పుడు నేను 15 నిమిషాలు ఆగకుండా పరిగెడతాను."

మళ్ళీ అదే మైదానం

2025 సెప్టెంబరు. అదే మైదానం, అదే సిల్వర్ ఓక్ చెట్టు. గీత దగ్గర నిలబడితే కాళ్ళు వణికాయి. ముందురోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. విజిల్ ఊదారు. అందరూ ఉరికారు. నేను చివరి నుంచి రెండోదాన్ని. మన బడి పిల్లలు "పరిగెత్తే, పరిగెత్తు!" అని అరిచారు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అయినా మనసులో పదమూడో ఎక్కం చెప్పుకున్నాను.

మేడమ్ గారు ఫోనులో చూసి రాసిన లెక్క ఇది.

మొదటి రౌండు – 1 నిమిషం 32 సెకండ్లు
రెండో రౌండు – 1 నిమిషం 35 సెకండ్లు
మూడో రౌండు – 1 నిమిషం 36 సెకండ్లు
చివరి 300 మీటర్లు – 1 నిమిషం 7 సెకండ్లు
మొత్తం – 5 నిమిషాల 50 సెకండ్లు

మూడో రౌండులో, నేను పడిపోయిన మలుపు దగ్గరే, ఇద్దర్ని దాటాను. చివర్లో ఇంకొక ఇద్దర్ని. నాలుగో స్థానం వచ్చింది. ముగ్గురికే పతకాలు. నాకు రాలేదు. రాలేదని బాధ ఉంది, లేదని అబద్ధం రాయను. కాని గీత దాటాక నా కాళ్ళ మీద నేను నిలబడి ఉన్నాను. చెట్టు కిందికి నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళు తాగాను. 3000 మీటర్లలో మన పదో తరగతి అక్కకి రెండో స్థానం వచ్చింది. ఆమె పతకం తీసి ముందు నా మెడలో వేసింది. తర్వాత మళ్ళీ తీసుకుంది లెండి.

ఒక చెల్లికి

ఈ పాఠం నిజానికి ఒక చెల్లి కోసం రాశాను. ఆమె పేరు రాయను. ఆమెని అడిగే రాస్తున్నాను. కిందటి వారం సాధనలో ఆమెకి కళ్ళు తిరిగాయి. రాయి తగిలింది అని అబద్ధం చెప్పింది. పెట్టె సర్దుతుంటే కాగితంలో చుట్టిన నీలం మాత్రలు బయట పడ్డాయి. "చెప్తే జట్టులోంచి తీసేస్తారక్కా" అంది. నేను తిట్టలేదు. నాకు ఆ భయం తెలుసు.

చెల్లీ, నువ్వు దాచి పరిగెత్తితే నాలాగే పడతావు. పడితే నీ ఒక్కదాని పోటీ పోదు. మళ్ళీ అందరి పోటీ పోతుంది. చెప్తే నాలుగు నెలలు ఆగాలి, అంతే. బుధవారం సిస్టర్ గారు వస్తారు. నేను నీతో వస్తాను. ముందు నా వేలు గుచ్చించుకుంటాను.

మీరూ చేసి చూడండి

1. కూర్చుని మీ నాడి 15 సెకండ్లు లెక్కపెట్టి 4తో గుణించండి. మైదానం చుట్టూ ఒక రౌండు మెల్లగా పరిగెత్తి మళ్ళీ లెక్కపెట్టండి. 5 నిమిషాలు ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. మూడు అంకెలూ రాసుకోండి.

2. అద్దంలో మీ కింది కనురెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా? తెల్లగా ఉంటే సిస్టర్ గారితో చెప్పండి. ఎర్రగా ఉన్నా పరీక్ష చేయించుకోండి, కంటితో చూసింది ఎప్పుడూ సరిగా ఉండదు.

ప్రశ్నలు

1. ఒక అమ్మాయి 3000 మీటర్లను 13 నిమిషాల్లో పరిగెత్తాలి. 400 మీటర్ల రౌండుకి ఎన్ని సెకండ్లు?
2. మాత్ర వేసుకున్నాక టీ ఎందుకు తాగకూడదు?
3. మరునాటి ఒళ్ళు నొప్పులకు కారణం ఏమిటి?

జవాబులు కాగితం మీద రాసి గ్రంథాలయం డబ్బాలో వెయ్యండి. అన్నీ సరిగా రాసిన వారి పేర్లు వచ్చే నెల గోడ పత్రికలో రాస్తాం.

పరుగు నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు తెల్లారి 5 గంటలకి జామచెట్టు దగ్గరకి రండి. బూట్లు లేకపోయినా పరవాలేదు. పదమూడో ఎక్కం రాకపోయినా పరవాలేదు. రెండూ సంపాదిద్దాం.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని